అక్షరం పలికే తీరు

రేడియోలో పని చేసేవారికి ఒక సంగతి మొదటి నెలలోనే అనుభవానికి వస్తుంది. ఒకే వార్తను ఇద్దరు చదివితే అది ఒక్కటిగా వినిపించదు. మాటలు అవే, అర్థమూ అదే. అయినా ఒకరి గొంతులో ఊరడింపు వినిపిస్తుంది, మరొకరి గొంతులో హెచ్చరిక వినిపిస్తుంది. శ్రోత మాటతోపాటు దానిని మోసుకువచ్చిన కంఠాన్ని కూడా వింటాడు. కాగితం మీద, గోడ మీద, దుకాణం నెత్తిన ఉన్న బోర్డు మీద కనిపించే అక్షరానికి కూడా ఇటువంటి కంఠమే ఒకటున్నది. దానిని మనం కంటితో వింటాము.

ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. పెళ్లి శుభలేఖ మీద "శుభమస్తు" అని వంపులు తిరిగిన సన్నని అక్షరాలుంటాయి. పురుగుమందు డబ్బా మీద "విషము" అని లావుపాటి మొరటు అక్షరాలుంటాయి. ఆ రెంటినీ తారుమారు చేసి, విషమును శుభలేఖ అక్షరాలతోను, శుభమస్తును డబ్బా అక్షరాలతోను మనసులో వ్రాసుకొని చూడండి. మొదటిది మోసం చేస్తున్నట్టుంటుంది. రెండవది పెళ్లివారిని కసురుతున్నట్టుంటుంది. నిఘంటువు ఎరుగని ఈ అర్థం గీత లావులోనుంచి, వంపులోనుంచి, అక్షరానికీ అక్షరానికీ నడుమ విడిచిన జాగాలోనుంచి వచ్చింది. అచ్చు అక్షరాలను ఎన్నుకొని కూర్చే విద్యను టైపోగ్రఫీ అంటారు. కుంచెతోనో కలముతోనో వ్రాసేదానిని లెటరింగు అంటారు. వృత్తిలో ఉన్నవారికి ఆ భేదం ముఖ్యమే. చూసి ఆనందించేవారికి రెండూ ఒకే ఇంటి పిల్లలు.

ఈ విద్యను గురించి ప్రసంగించేవారు జర్మనీ, స్విట్జర్లాండు, న్యూయార్కు పేర్లతో ప్రారంభించడం పరిపాటి. పల్నాటివారికి అంత దూరం పోవలసిన పని లేదు. మాచర్లకు చేరువలో, విజయపురి రేవులో లాంచీ ఎక్కితే చాలు.

లాంచీ దిగేది నాగార్జునకొండ మీద. ఆ కొండ చుట్టూ ఉన్న లోయలోనే ఒకప్పుడు ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. 1926లో అక్కడి శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. 1927 నుంచి 1931 వరకు లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు జరిపించారు. నాగార్జునసాగరం ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. లోయ నీట మునిగేలోగా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యాన 1954 నుంచి 1960 వరకు మళ్లీ విస్తారంగా తవ్వారు. దొరికినవాటిలో ముఖ్యమైనవి కొండ మీదికి చేరాయి, కొండ ద్వీపమయింది. చూడబోయేవారిలో చాలామంది శిల్పాల దగ్గర ఆగుతారు, శాసనాల దగ్గర ఆగరు. చదవడం రాదు గదా అని దాటిపోతారు. అక్షరం అందం చూడడానికి చదవడం రాకపోవడం ఒక్కొక్కప్పుడు మేలే చేస్తుంది. అర్థం అడ్డురాదు గనుక రూపం మీదనే చూపు నిలుస్తుంది.

అక్కడి మహాచైత్యానికి నాలుగు దిక్కులా ఐదేసి ఆయక స్తంభాలు నిలబెట్టారు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో అతని మేనత్త చాంతిసిరి చేసిన దానం అది. స్తంభాల మీది భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. అంతకు కొన్ని శతాబ్దాల ముందటి భట్టిప్రోలు ధాతుకరండాల మీద అదే బ్రాహ్మి పొట్టిగా, పొదుపుగా, అవసరమైన మేరకే గీసినట్టు ఉంటుంది. ఇక్ష్వాకుల నాటి శిల్పికి ఆ పొదుపు సరిపోలేదు. క, ర వంటి అక్షరాల నిలువుగీతలను బారుగా కిందికి సాగదీశాడు; కొనలను మెత్తగా వంచాడు; ఇకారపు గుర్తును పైకి లేపి తీగ మాదిరి వెనక్కు తిప్పాడు. కొంచెం దూరాన నిలబడి చూస్తే రాతి మీద వాన ధారలు దిగుతున్నట్టు ఉంటుంది. ఒక పంక్తిలో నుంచి దిగిన గీత కింది పంక్తి అక్షరాల నడుమకు చొరబడుతుంది. అయినా రెండు పంక్తులూ ఒకదానినొకటి చెరుపుకోవు.

దానం ఎవరు చేశారో చెప్పడానికి మామూలు అక్షరాలు చాలును. ఆ దానం ఎంత ఘనమైనదో చెప్పడానికి ఈ పొడవు గీతలు కావలసివచ్చాయి. ఇక్కడ గమనించవలసిన విశేషం మరొకటున్నది. శిల్పి అన్నిటినీ సాగదీయలేదు. ఏ అంగాన్ని సాగదీస్తే అక్షరం మరొక అక్షరంగా పొరబడదో ఆ అంగాన్నే సాగదీశాడు. స్వేచ్ఛ ఎక్కడ తీసుకోవచ్చునో, ఎక్కడ తీసుకోకూడదో అతనికి తెలుసు. నా ఉద్దేశంలో ఈ కళకంతకూ కీలకం ఇదే. పోస్టరు చూసినా, వ్యాపార చిహ్నం చూసినా, మిఠాయి దుకాణం బోర్డు చూసినా వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ కల్పన అక్షరం లోపలినుంచి పుట్టిందా, పైనుంచి తెచ్చి అతికించారా?

ఆ ప్రశ్న వేయడానికి ముందు మన అక్షరం లోపల ఏమున్నదో కాస్త తెలిసి ఉండాలి. ఆ బ్రాహ్మి మారి మారి, శతాబ్దాల తరబడి తెలుగు కన్నడాలకు ఉమ్మడి లిపిగా సాగి, చివరకు రెండుగా చీలింది. నిలువుగీతలు పోయి గుండ్రదనం వచ్చింది. తాటాకు మీద గంటంతో అడ్డగీత గీస్తే ఆకు చీలుతుంది కాబట్టి అక్షరాలు గుండ్రబడ్డాయని పెద్దలు చెబుతూ వచ్చారు. కారణం అదొక్కటే కాకపోవచ్చును గాని, గుండ్రదనం మాత్రం మన లిపికి ముఖవర్చస్సు అయిపోయింది. కన్నడం తలమీద అడ్డగీత పెట్టుకున్నది. తెలుగు తలకట్టు పెట్టుకున్నది. ఆ తలకట్టు పిట్ట వాలబోతున్నట్టు ఒక చిన్న విరుపు. అంత చిన్న గీతకు ఎంత పని ఉన్నదో చూడండి. ప అక్షరానికి తలకట్టు విడిగా ఉంటుంది. వ అక్షరానికి అంటుకొని ఉంటుంది. బోర్డు వ్రాసేవాడు కుంచెను కాస్త తొందరగా లాగి ఆ సందును పూడ్చివేశాడా, పడవ వడవ అవుతుంది, పలక వలక అవుతుంది. ష, స, హ అక్షరాలకు కూడా ఆ సందు ఉన్నది. జ, ట, బ, ల, ణ అక్షరాలకు తలకట్టే లేదు. ఒక మాటలో కొన్ని తలలు కట్టుకొని, కొన్ని బోసిగా ఉంటే ఆ మాటకు ఒక లయ వస్తుంది. తెలుగు పోస్టరు వ్రాసేవానికి తాళం వేసి ఇచ్చేది ఆ లయే.

ఇక రెండవ సంగతి. రోమన్ పెద్ద అక్షరాలు కవాతులోని సిపాయిల మాదిరి ఒకే ఎత్తున నిలబడతాయి. తెలుగు మాట మూడంతస్తుల మేడ. పైన గుడులు, ఏత్వాలు, నడుమ అక్షరపు ఒడలు, కింద ఒత్తులు. దుకాణదారులు బోర్డు చూసి, "ఇంగ్లీషు పేరు ఇంత పెద్దగా కనిపిస్తున్నది, తెలుగు పేరు ఇంత చిన్నదయిందేమి?" అని అడుగుతూ ఉంటారు. ఇద్దరికీ ఒకే వెడల్పు పట్టీ ఇచ్చారు. ఇంగ్లీషు పేరు పట్టీ అంతా ఆక్రమించుకున్నది. తెలుగు పేరు పైఅంతస్తుకూ కిందిఅంతస్తుకూ చోటు విడిచి నడుమ ఇరుక్కున్నది. చాలా బోర్డులలో తెలుగు దీనంగా కనిపించడానికి భాష మీద చిన్నచూపు ఒక కారణమైతే కావచ్చును గాని, ఈ కొలత తెలియకపోవడం అంతకంటె పెద్ద కారణం. తెలిసిన వ్రాతగాడు ఇంగ్లీషు పట్టీని తగ్గించి తెలుగు పట్టీని పెంచుతాడు. అప్పుడే రెండూ సమానంగా కనిపిస్తాయి.

ఉదాహరణకు "పల్నాడు" అనే మాటనే తీసుకొందాము. మూడే అక్షరాలు, పనితనానికి మాత్రం కొదవ లేదు. మొదట ప. ఎడమ పక్క పైన తెరచిన నోరు, దానికి అంటకుండా నిలిచిన తలకట్టు. తరువాత ల్నా. ల గుండ్రని ఒడలు, దానికి పక్కన దీర్ఘం, కింద వేలాడే న ఒత్తు. చివర డు. దాని కొమ్ము కుడి పక్కకు సాగి పైకి లేస్తుంది. అంటే మాట మొదట్లో పైన ఒక గీత ఉన్నది, మధ్యలో కింద ఒక బరువు ఉన్నది, చివర మళ్లీ పైకి లేచే కొస ఉన్నది. తూకం దానంతట అదే కుదిరిన మాట ఇది. కొమ్మును వెనక్కు వంచి మాటంతటి మీద గొడుగు పట్టవచ్చును. న ఒత్తును అడ్డంగా సాగదీసి మాటంతటికీ అరుగు వేయవచ్చును. ప తలకట్టును మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. అది దిగి ఒడలిని తాకిన క్షణాన పల్నాడు వల్నాడు అయిపోతుంది. అందరూ ఎరిగిన ఊరి పేరు గనుక చదువరి సరిదిద్దుకొని చదువుకుంటాడు. ఎరగని ఊరికి వచ్చిన బాటసారి బస్సు బోర్డు చూసి సరిదిద్దుకోలేడు. చదవడం అప్పుడే నేర్చుకొంటున్నవారికి బస్సు బోర్డే పాఠ్యపుస్తకం. వారిని మోసం చేసే అందం అందం కాదు.

అక్షరం కంఠం చాలావరకు పనిముట్టును బట్టి కూడా ఉంటుంది. గంటం ఒకే లావు గీత గీస్తుంది. కుంచె ఒత్తితే లావు, ఎత్తితే సన్నం. సీసపు అచ్చు అక్షరం ప్రతిసారీ ఒకే రూపం. 1814లో సెరంపూరులో కేరీ తెలుగు వ్యాకరణం అచ్చయ్యేనాటికే మన గుణింతాలకు, ఒత్తులకు వందలకొద్దీ దిమ్మలు పోతపోయవలసి వచ్చింది. అచ్చులో అక్షరం నిలకడ నేర్చుకున్నది. చేతిలో ఉన్న చురుకు కొంత పోగొట్టుకున్నది. పోస్టర్లు, పత్రికల శీర్షికలు వ్రాసే చిత్రకారులు ఆ చురుకును తిరిగి తెచ్చారు.

పల్నాటి రైతులందరికీ పరిచయమైన పనిముట్టు ఒకటున్నది. దాని అందాన్ని ఎవరూ చెప్పుకోగా నేను వినలేదు. మిరపకాయల టిక్కీల మీద, గోతాల మీద వ్యాపారి పేరు వేయడానికి పల్చని రేకులో అక్షరాలు కోసిన అచ్చు ఉంటుంది. రేకును గోతాం మీద పరచి రంగు అద్దితే పేరు దిగుతుంది. ఇందులో ఒక చిక్కు ఉన్నది. ర వంటి అక్షరానికి లోపల మూసుకుపోయిన గుండ్రం ఉన్నది గదా! దాని చుట్టూ పూర్తిగా కోస్తే నడిమి బిళ్ల ఊడి కింద పడుతుంది. ర కాస్తా నల్లని ముద్ద అవుతుంది. అందుచేత కోసేవాడు అక్కడక్కడ కోయకుండా సన్నని వంతెనలు విడుస్తాడు. గోతాం మీద అక్షరం ముక్కలుగా దిగుతుంది. మన కన్ను ఆ ముక్కలను కలుపుకొని చదువుతుంది. వంతెన ఎక్కడ విడవాలో ఎన్నుకోవడంలోనే ఆ పనివాని ప్రజ్ఞ అంతా ఉన్నది. తలకట్టుకూ ఒడలికీ నడుమ విడిస్తే అక్షరం మారిపోవచ్చును. ఒడలి పక్కల విడిస్తే మారదు. గుండ్రని అక్షరాల లిపికి ఆ వంతెనలు ఎంత కష్టం తెచ్చిపెట్టాయో అంత కొత్తరూపాన్నీ తెచ్చిపెట్టాయి. పెద్ద పట్టణాలలో ఖరీదైన ఫలహారశాలలవారు ఇటువంటి విరిగిన అక్షరాలనే కావాలని వ్రాయించుకొంటున్నారు. మన గోతాం మీద అది ఊరికే పడి ఉన్నది.

ఇక సినిమా పోస్టర్లు. తెలుగుదేశంలో అక్షరకల్పనకు బడి ఏదైనా ఉన్నదంటే అది ఈ గోడల మీదనే నడిచింది. చాలాకాలం మన చిత్రాలకు మద్రాసు కేంద్రం. పోస్టరు చిత్రకారులు అక్కడే ఉండేవారు. వారిలో ఈశ్వర్ గారు ఒకరు. పాలకొల్లు నుంచి వెళ్లి, 1967లో బాపు గారి మొదటి చిత్రం "సాక్షి"తో పోస్టరు రంగంలో నిలదొక్కుకొని, 2,000కు పైగా చిత్రాలకు పని చేశారు. "సినిమా పోస్టర్" అనే పేరుతో తన వృత్తిని గురించి ఒక గ్రంథం కూడా వ్రాశారు. 2021లో ఆయన గతించారు. బొమ్మలు నటుల ముఖాలను చూపిస్తాయి. చిత్రం పౌరాణికమా, జానపదమా, సాంఘికమా, భయానకమా అనే సంగతి గోడ మీద మొదట చెప్పేది పేరు వ్రాసిన తీరే. బండి మీద పోతూ ఒక్క చూపు చూసినవాడికి కూడా అది అందుతుంది.

బాపు గారి సంగతి వేరుగా చెప్పాలి. 1933లో నరసాపురంలో పుట్టి 2014లో మద్రాసులో కన్నుమూసిన ఆ చిత్రకారుని వ్రాత, బొమ్మ పక్కన నిలబడడానికి వచ్చిన వ్రాత కాదు. అదీ ఒక బొమ్మే. తలకట్లు విసిరినట్టుంటాయి. అక్షరాలు నిటారుగా నిలబడవు, కబుర్లు చెప్పుకుంటున్నట్టు ఒకదానిమీదికి ఒకటి వాలుతాయి. అయినా ప ఎక్కడా వ కాదు. ఆ వ్రాత తెలుగువారికి ఎంత చనువైపోయిందంటే, తరువాతి కాలంలో దానిని కంప్యూటరు ఫాంటుగా కూడా చేసుకున్నారు. అందులో ఒక చమత్కారమూ ఒక నష్టమూ ఉన్నాయి. బాపు గారు ఒకే పేజీలో రెండుసార్లు క వ్రాస్తే రెండూ ఒకలాగా ఉండవు. ఫాంటులోని క ఎన్నిసార్లు వచ్చినా ఒకటే. చూపుకు అలవాటైనవారు ఈ తేడాను ఇట్టే పట్టేస్తారు. శుభలేఖల మీద, పుస్తకాల అట్టల మీద దానిని చూసినప్పుడు ఒకే నవ్వును పదిసార్లు రికార్డు వేసి వినిపించినట్టు నాకు తోస్తుంది. అయినా అది నవ్వే గనుక వద్దనలేము.

లోపలినుంచి పుట్టిన కల్పనకూ అతికించిన కల్పనకూ భేదం చూడాలంటే మనమే ఒక పేరు వ్రాసి చూడవచ్చును. "పల్నాటి యుద్ధం" పేరుతో రెండు చిత్రాలు వచ్చాయి. గూడవల్లి రామబ్రహ్మం గారు ప్రారంభించి, ఆయన మరణానంతరం ఎల్.వి. ప్రసాద్ గారు పూర్తి చేసినది 1947లో విడుదలయింది. రెండవది 1966లో వచ్చింది. వాటి పోస్టర్ల మాట అటుంచి, ఆ పేరు వ్రాయవలసిన పని మన మీద పడిందనుకొందాము. ఎవరికైనా మొదట తట్టేది కత్తి. నా దీర్ఘాన్ని కత్తిగా చేస్తాము, యు కొమ్మును బాకుగా చేస్తాము, రెండు చుక్కలు నెత్తురు కారుస్తాము. ఇది తప్పేమీ కాదు; కాని ఇది ఏ యుద్ధానికైనా సరిపోతుంది. పానిపట్టుకైనా, కురుక్షేత్రానికైనా అదే కత్తి.

పల్నాటి యుద్ధానికే చెల్లే అక్షరం ఏది? కథ అందరికీ తెలిసినదే. పన్నెండవ శతాబ్దంలో గురజాల, మాచర్ల రాజ్యాలను ఏలిన నలగాముడు, మలిదేవుడు ఒక తండ్రి బిడ్డలు, తల్లులు వేరు. నాయకురాలు నాగమ్మకూ బ్రహ్మనాయనికీ నడుమ కోడిపందెం, మాచర్లవారి వలస, చివరకు కారంపూడి రణరంగం. ఇప్పుడు పేరు వైపు చూడండి. మొదటి అక్షరం ప. దాని తలకట్టు ఒడలికి అంటకుండా విడిగా ఉన్నదని చెప్పుకున్నాము. దానిని మూడు మొనల కోడిజుట్టుగా మార్చండి. అక్షరానికి ఏ హానీ లేదు. కథ మాత్రం మొదలయింది. చివరి అక్షరం ద్ధం. పైన ద, దాని కింద ధ ఒత్తు. ఆ రెండింటికీ ఒకటే ఒడలు. ఒక చిన్న గీత మాత్రమే తేడా. ఒకే పోలిక గల ఇద్దరు, ఒకరిమీద ఒకరు. అన్నదమ్ముల పోరు ఆ సంయుక్తాక్షరంలో ముందే ఉన్నది! ఒత్తును మామూలుకంటె కాస్త పెద్దది చేసి, పై ద ఎంత బలంగా ఉన్నదో అంత బలంగా కింది ధను వ్రాస్తే కత్తి అక్కరలేకుండానే పోరు కనిపిస్తుంది. దీనికీ ఒక హద్దున్నది. ఒత్తు కిందినుంచి జరిగి పక్కకు వచ్చిందా, అది ఒత్తు కాక మరొక అక్షరమవుతుంది, మాట విరుగుతుంది. నాగార్జునకొండ శిల్పి ఆగినచోటనే మనమూ ఆగాలి.

సున్న మన లిపి చిత్రకారునికి ఇచ్చిన మరొక వరం. గడియారం బాగుచేసే దుకాణం మీద చివరి సున్నకు ముళ్లు పెట్టి గడియారపు ముఖం చేస్తే, బండిలోని సున్నకు ఆకులు వేసి చక్రం చేస్తే, చందమామలోని సున్నను వెన్నెల రంగుతో నింపితే పిల్లలు కూడా సంతోషిస్తారు. ఇవి చిన్న కల్పనలే. కాని సున్న సున్నగానే ఉండి మరొకటి కూడా అవుతున్నది. అందుచేత ఇవి మేలైన జాతివే. అమెరికాలో హెర్బ్ లుబాలిన్ అనే రూపశిల్పి 1960ల నడుమ "మదర్ అండ్ చైల్డ్" అనే పత్రిక పేరు వ్రాశాడు. మదర్ అనే మాటలోని గుండ్రని ఓ అక్షరం కడుపులో "అండ్" గుర్తును పెట్టి, ఆ గుర్తు ఒడిలో చైల్డ్ అనే మాటను చిన్నగా పొదిగాడు. తల్లి కడుపులో బిడ్డ. ఒక్క గీత అదనంగా వేయలేదు. ఆ పత్రిక వెలువడనే లేదు; పేరు మాత్రం ఈ కళ నేర్చుకొనేవారందరికీ పాఠమయింది. మన దేశంలో సత్యజిత్ రే చలనచిత్రాలు తీయకముందు 1943 నుంచి కలకత్తాలో ఒక ప్రకటనల సంస్థలో పని చేశారు, పుస్తకాలకు అట్టలు వేశారు. తన చిత్రాల పోస్టర్లకు వంగ అక్షరాలను తానే తీర్చుకున్నారు. "రే రోమన్" అనే ఇంగ్లీషు అచ్చు అక్షరాలను కూడా రూపొందించారు. తెలుగులో బాపు గారు, వంగంలో రే గారు, ఇద్దరూ దర్శకులు కావడం కాకతాళీయమని నేను అనుకోను. మాట ఎలా పలకాలో పట్టింపు ఉన్నవారికి అది ఎలా కనిపించాలో కూడా పట్టింపు ఉంటుంది.

ఒకసారి బాగున్నది వెయ్యిసార్లయితే ఏమవుతుందో కూడా చెప్పాలి. శీతల పానీయాల దుకాణం బోర్డు మీద అక్షరాల నెత్తిన మంచు పేరుకొన్నట్టు వ్రాయడం అందరూ చూసినదే. ఎవరో ఒకనాడు మొదటిసారి వ్రాసినప్పుడు అది నిజంగా కల్పనే. తెలుగులో తలకట్టు మీద మంచు నిలవడానికి చక్కని చోటు కూడా ఉన్నది. ఇప్పుడు అది రబ్బరు ముద్ర అయింది. మే నెల ఎండలో నరసరావుపేట వీధిలో ఆ మంచును చూసినవాడికి చలి పుట్టదు. దుకాణం ఫలానా అని తెలుస్తుంది, అంతే. అదీ ఒక ప్రయోజనమే గనుక నేను దానిని పూర్తిగా కాదనను.

ఈ బోర్డులు వ్రాసినవారు ఊరూరా ఉండేవారు. అడుగున మూలగా తమ పేరు, పక్కన "ఆర్ట్స్" అని చిన్న అక్షరాలతో వ్రాసుకునేవారు. గోడకు సున్నం కొట్టి, దారానికి రంగు పూసి పంక్తి కొట్టి, బొగ్గుతో లీలగా అక్షరాలు నిలిపి, తరువాత కుంచె పట్టేవారు. ఈ శతాబ్దపు మొదటి దశాబ్దంలో ఫ్లెక్సీ వచ్చింది. రోజంతా పట్టే పని గంటలో అయిపోతున్నది, ఖర్చూ తక్కువ. వ్రాతగాండ్రలో కొందరు కంప్యూటరు నేర్చుకున్నారు, చాలామంది వేరే పనులకు పోయారు. చౌకగా దొరికేదానిని జనం కొనుక్కోవడంలో తప్పు లేదు. పోయినదేమిటో తెలిసి కొనుక్కోవడం వేరు, తెలియక కొనుక్కోవడం వేరు. పోయినది ముఖ్యంగా కొలత. చేతి వ్రాతగాడు గోడను చూసి అక్షరాన్ని పెంచేవాడు, తగ్గించేవాడు. ఫ్లెక్సీ మీద తయారుగా ఉన్న అక్షరాన్ని లాగి పట్టీకి సరిపెడుతున్నారు. అలా అడ్డంగా లాగినప్పుడు నిలువుగీతలు లావెక్కి, అడ్డగీతలు సన్నగా ఉండిపోతాయి. పలచగా సాగిన రొట్టె మాదిరి అక్షరం వికారమవుతుంది.

అంతకంటె పెద్ద చిక్కు ఒత్తులది. తెలుగు సంయుక్తాక్షరాలు ఎరగని కొన్ని కంప్యూటరు ఉపకరణాలలో మాటను తెచ్చి పెడితే ఒత్తు విడిపోయి పొల్లు బయటపడుతుంది. పల్నాడు "పల్‌నాడు" అవుతుంది. స్త్రీ అనే ఒక్క అక్షరం "స్‌త్‌రీ" అని మూడు ముక్కలై నిలుస్తుంది. స్త్రీలకు అని వ్రాసిన గది తలుపు మీద దీనిని చూసిన ముసలమ్మ తడబడితే నేరం ఆమె చదువుది కాదు. ఇందులో కల్పన లేదు, అందం లేదు, అజాగ్రత్త ఒక్కటే ఉన్నది. ఇటువంటి బోర్డులను రోజూ చూస్తూ పెరిగే పిల్లలకు ఒత్తు అక్షరం కిందనే ఉండాలనే నియమం క్రమంగా బలహీనపడుతుందేమోనని భయం వేస్తుంది.

అయితే యంత్రాన్ని నిందించి ఊరుకోవడానికి వీలు లేదు. ఇదే కంప్యూటరుకు మంచి అక్షరాలు కూడా వచ్చాయి. సిలికానాంధ్ర సంస్థ చొరవతో పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామభద్ర, తెనాలి రామకృష్ణ వంటి కవుల పేర్లతోను, గిడుగు, గురజాడ, సురవరం వంటి పెద్దల పేర్లతోను ఎన్నో తెలుగు ఫాంట్లు ఎవరైనా ఉచితంగా వాడుకొనేందుకు వెలువడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం రూపకర్త పురుషోత్ కుమార్ గుత్తుల. వీటిలో లావువి ఉన్నాయి, సన్ననివి ఉన్నాయి, చేతివ్రాత పోలికవి ఉన్నాయి, పాత అచ్చు పోలికవి ఉన్నాయి. అన్నీ నాకు ఒకే మాదిరిగా నచ్చలేదు; కొన్నిటిలో తలకట్టు మరీ కుదించారని నా అభిప్రాయం. కాని ఒత్తులు వాటి చోట వాటికి ఉన్నాయి. ఇన్ని గొంతులు అందుబాటులో ఉండగా ఊరంతా ఒకటి రెండింటితోనే సరిపెట్టుకోవడం, పదిమంది వార్తాహరులుండగా ఒక్కరిచేతనే రోజంతా చదివించినట్టుంటుంది.

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట ముఖ్యపట్టణంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. ఒక జిల్లా పుట్టినప్పుడు ఆ పేరును కార్యాలయాల మీద, బళ్ల మీద, ముద్రల మీద, శిలాఫలకాల మీద కొత్తగా వ్రాయవలసి వస్తుంది. ఆ మాటకు పైన చెప్పిన తూకమంతా ఉన్నది: మొదట విడి తలకట్టు, నడుమ న ఒత్తు, చివర లేచే కొమ్ము. ఇకమీదట ఆ ప్రాంతంలో బోర్డు చేయించుకొనేవారు, అది దుకాణానిదైనా, బడిదైనా, కొత్త ఇంటిదైనా, రంగులు బేరమాడేటప్పుడే అక్షరం నమూనాను కూడా కాగితం మీద చూపించమని అడగవచ్చును. పది అడుగులు వెనక్కు పోయి చూడండి. ప ఇంకా ప లాగానే ఉన్నదా, ఒత్తు దాని కిందనే ఉన్నదా అని.